కూఫా బజారులో ఇమామ్ గారి దుకాణం

హజ్రత్ ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) పేరు వినని ముస్లిం కుటుంబం తెలుగునాట ఉండదు. నమాజు, రోజా, జకాత్, ఖుర్బానీ వంటి విషయాలలో ఏ సందేహం వచ్చినా మన పెద్దలు ముందుగా తలచుకొనేది ఆయన అభిప్రాయాన్నే. మనలో అధిక సంఖ్యాకులు ఆయన చూపిన ఫిఖ్‌హ్ మార్గాన్ని అనుసరించే హనఫీలే. ఇంత ప్రసిద్ధులైన ఆ మహనీయుడు బట్టల వ్యాపారం చేసుకొని బ్రతికారన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. తెలిసినవారు కూడా దానిని ఒక చిన్న విశేషంగా చెప్పి దాటిపోతారు.

మా దృష్టిలో అది దాటిపోదగిన విషయం కాదు. ఇమామ్ గారి విద్య ఎంత లోతైనదో, ఆయన దుకాణం లెక్కలు అంత శుభ్రమైనవి. ఇద్దరు పాలకులు ఆయనను లొంగదీయాలని చూశారు. ఇద్దరికీ ఆయన లొంగలేదు. దైవభీతి అందుకు మొదటి కారణం. తన అన్నం తాను సంపాదించుకోగలగడం రెండవ కారణం. ఈ రెండవ కారణం గురించి మనం తక్కువగా మాట్లాడుకుంటాం. కనుక ఈ వారం ఆయన జీవితాన్ని ఆ దుకాణం గుమ్మం నుంచి చూద్దాం.

పట్టు, ఉన్ని కలిసిన బట్ట

ఇమామ్ గారి అసలు పేరు నూమాన్. తండ్రి పేరు సాబిత్. హిజ్రీ 80 (క్రీ.శ. 699)లో ఇరాక్‌లోని కూఫా నగరంలో జన్మించారు. ఆయన తాత జూతా కాబూల్ ప్రాంతం నుంచి వచ్చినవారని ఎక్కువమంది చరిత్రకారులు వ్రాశారు. అరబ్బు వంశ ప్రతిష్ఠ గానీ, దర్బారులో పలుకుబడి గానీ ఆ కుటుంబానికి లేవు. వారికి ఉన్నదల్లా వ్యాపారమే.

ఫురాత్ నది ఒడ్డున ఉన్న కూఫా, హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో, హిజ్రీ 17 (క్రీ.శ. 638) ప్రాంతంలో సైనిక శిబిరంగా వెలిసింది. అరవై యేండ్లు తిరిగేసరికి అది పెద్ద నగరమయ్యింది. మస్జిదులలో విద్వాంసుల సభలు, బజారులో దూరదేశాల సరుకులు కనిపించేవి. అక్కడ సాబిత్ కుటుంబం ఖజ్ అనే బట్ట అమ్మేది. పట్టు, ఉన్ని కలిపి నేసిన ఖరీదైన వస్త్రమది. శుద్ధమైన పట్టు ధరించడం పురుషులకు నిషిద్ధం గనుక ఇటువంటి కలనేతకు మంచి గిరాకీ ఉండేది. హైదరాబాదు పాత కుటుంబాలవారికి హిమ్రూ, మష్రూ బట్టలు తెలుసు. అవి పట్టు, నూలు కలిసినవి. మష్రూ అంటేనే ధర్మం అనుమతించినది అని అర్థం. ఖజ్ కూడా ఆ కోవలోనిదే. కూఫాలో అమ్ర్ బిన్ హురైస్ గృహంలో ఉన్న ఇమామ్ గారి దుకాణం ఊరందరికీ తెలిసినదేనని చరిత్రకారులు పేర్కొన్నారు.

చదువు వైపు మళ్లిన బాట

యువకుడైన నూమాన్ రోజూ బజారుకు వెళ్లి వచ్చేవారు. ఒకరోజు దారిలో ఇమామ్ షాబీ (రహ్మ) ఆయనను చూసి ఎక్కడికి వెళుతున్నావని అడిగారు. షాబీ ఆ కాలపు మహావిద్వాంసులు. నూమాన్ ఫలానా వ్యాపారి వద్దకని చెప్పారు. తాను అడిగింది బజారు సంగతి కాదనీ, ఏ పండితుని వద్దకు వెళుతున్నావన్నదే తన ప్రశ్న అనీ షాబీ వివరించారు. పండితుల వద్దకు పెద్దగా వెళ్లడం లేదని నూమాన్ బదులిచ్చారు. ఇంత చురుకుదనం ఉన్నవాడవు, విద్యను నిర్లక్ష్యం చేయకు అని ఆ పెద్దాయన హితవు చెప్పి వెళ్లిపోయారు. ఆ ఒక్క మాట నూమాన్ మనసులో నాటుకుంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. చదువు మొదలుపెట్టినా ఆయన దుకాణానికి తాళం వేయలేదు. భాగస్వాములను, నమ్మకమైన పనివారిని పెట్టుకొని వ్యాపారం నడిపిస్తూనే విద్యార్జన సాగించారు. చదువా, సంపాదనా అని తేల్చుకోలేక ఇంట్లో తర్జనభర్జన పడే మన పిల్లలకు ఈ సంగతి చెప్పాలి. కొందరికి రెండూ కలిసి సాగుతాయి. అయితే దానికి ఏర్పాటు కావాలి, నమ్మదగిన మనిషి కావాలి, కాలాన్ని పంచుకొనే నేర్పు కావాలి.

మొదట ఆయన దృష్టి విశ్వాస సంబంధమైన వాదప్రతివాదాల మీద ఉండేది. అందుకోసం బస్రాకు అనేకసార్లు వెళ్లివచ్చారు. వాదనలో గొప్ప పేరు కూడా వచ్చింది. ఇంతలో ఒక స్త్రీ వచ్చి తలాక్ విధానం గురించి ఒక ప్రశ్న వేసింది. నూమాన్ వద్ద సమాధానం లేదు. దగ్గరలోనే పాఠం చెబుతున్న హమ్మాద్ బిన్ అబీ సులైమాన్ (రహ్మ)ను అడిగి, ఆయన చెప్పిన జవాబు తనకు కూడా చెప్పి వెళ్లమన్నారు. ఆమె అలాగే చేసింది. పెద్ద పెద్ద వాదాలలో నెగ్గుతున్నా, ఒక సామాన్య కుటుంబానికి అవసరమైన చిన్న ప్రశ్నకు తన దగ్గర జవాబు లేదని ఆయనకు అర్థమయ్యింది. చెప్పులు తీసుకొని లేచి వెళ్లి హమ్మాద్ పాఠంలో కూర్చున్నారు. పేరు తెచ్చిన విద్యను వదలి, జనానికి పనికివచ్చే విద్యను ఎన్నుకొన్నారు.

అరవై ప్రశ్నల పరీక్ష

హమ్మాద్ వద్ద పదేండ్లు గడిచాయి. ఇక తాను వేరుగా పాఠం పెట్టుకోవచ్చునన్న ఆలోచన ఇమామ్ గారి మనసులో మెదిలింది. గురువు ముఖం చూసి ఆగిపోయారు. సరిగ్గా ఆ రోజులలోనే హమ్మాద్ బంధువు ఒకరు బస్రాలో మరణించగా, ఆస్తి వ్యవహారం నిమిత్తం గురువు గారు రెండు నెలలు ఊరు విడిచి వెళ్లవలసి వచ్చింది. తన స్థానంలో శిష్యుణ్ణి కూర్చోబెట్టి వెళ్లారు.

ఆ రెండు నెలలలో గురువు వద్ద ఎన్నడూ వినని ప్రశ్నలు అనేకం వచ్చాయి. ఇమామ్ గారు తమకు తోచిన జవాబులిచ్చి, వాటన్నిటినీ వ్రాసి పెట్టుకొన్నారు. గురువు తిరిగి రాగానే ఆ కాగితాలు ముందు పెట్టారు. సుమారు అరవై ప్రశ్నలు. నలభై జవాబులను గురువు సరేనన్నారు. ఇరవై జవాబులతో ఏకీభవించలేదు. మూడింట ఒకవంతు తేడా! గురువు జీవించి ఉన్నంతకాలం ఆయనను విడువరాదని ఇమామ్ గారు ఆనాడే నిశ్చయించుకొన్నారు. మొత్తం పద్దెనిమిదేండ్లు శిష్యరికం చేశారు. హిజ్రీ 120 (క్రీ.శ. 738)లో హమ్మాద్ కన్నుమూసిన తర్వాతనే ఆ స్థానంలో కూర్చున్నారు. అప్పటికి ఆయన వయస్సు నలభై.

ఏ పని నేర్చుకొనేవారికైనా ఈ సంఘటన ఒక కొలబద్ద. కుట్టుపని గానీ, మోటారు మెకానిక్ పని గానీ, వైద్యం గానీ, కంప్యూటర్ పని గానీ, ఆరు నెలలు కాగానే వేరే దుకాణం తెరవాలన్న తొందర యువకులలో సహజం. తొందర తప్పు కాదు. తనను తాను పరీక్షించుకోకపోవడమే తప్పు. ఉస్తాద్ లేని రోజున నాలుగు పనులు స్వయంగా చేసి, ఆయన వచ్చాక చూపించాలి. ఎన్ని దిద్దారో లెక్కపెట్టుకోవాలి. ఆ లెక్కే మనకు సమయమయ్యిందో లేదో చెబుతుంది.

లోపం చెప్పి అమ్మడం

ఇక దుకాణం సంగతి. హఫ్స్ బిన్ అబ్దుర్రహ్మాన్ అనే భాగస్వామి ఇమామ్ గారి తరఫున సరుకు అమ్మేవారు. ఒకసారి ఇమామ్ గారు ఆయనకు కొన్ని బట్టలు పంపుతూ, వాటిలో ఫలానా బట్టలో లోపమున్నదనీ, కొనేవారికి ఆ సంగతి చెప్పి అమ్మమనీ కబురు చేశారు. హఫ్స్ సరుకంతా అమ్మేశారు గానీ ఆ మాట చెప్పడం మరచిపోయారు. కొన్నది ఎవరో కూడా తెలియలేదు. సంగతి తెలిసిన ఇమామ్ గారు ఆ సరుకు మీద వచ్చిన సొమ్మంతా దానం చేసివేశారు. లోపమున్న ఒక్క బట్ట ధరతో సరిపెట్టుకోలేదు.

మరొకసారి ఒక స్త్రీ పట్టుబట్ట ఒకటి అమ్మకానికి తెచ్చింది. ఎంతకిస్తావని అడిగితే వంద దిర్హములు అన్నది. ఇది అంతకంటె విలువైనదని ఇమామ్ గారు చెప్పారు. ఆమె మరో వంద పెంచింది. ఇంకా విలువైనదన్నారు. అలా నాలుగు వందల దాకా వచ్చింది. అప్పటికీ తక్కువేనని ఆయన అనేసరికి తనను ఎగతాళి చేస్తున్నారని ఆమె అనుకొన్నది. ధర కట్టగల మరొక మనిషిని పిలుచుకొని రమ్మన్నారు. చివరకు ఐదు వందలకు ఆ బట్ట కొన్నారు.

అమ్మకంలో మోసం చేయరాదని మనకు తెలుసు. కొనుగోలులో కూడా మోసం ఉంటుందని ఈ సంఘటన నేర్పుతుంది. ఆపదలో ఉన్నవారు నగ అమ్ముకోవడానికి వస్తారు. పెండ్లి ముంచుకొచ్చినవారు ఇంటి జాగా అమ్మకానికి పెడతారు. వారికి ధర తెలియదు, లేదా బేరమాడే ఓపిక ఉండదు. సగం ధరకు కొట్టేశామని మనం సంతోషిస్తాం. ఆ సంతోషం ఇమామ్ గారి దుకాణంలో దొరికేది కాదు.

ఇంకొకసారి ఒక వృద్ధురాలు వచ్చి, తాను పేదదాననీ, బట్టను అసలు ధరకే ఇవ్వమనీ కోరింది. నాలుగు దిర్హములు ఇమ్మన్నారు ఇమామ్ గారు. ముసలిదాన్ని పరిహాసం చేయవద్దని ఆమె నొచ్చుకొన్నది. పరిహాసం కాదనీ, ఇటువంటివి రెండు కొన్నాననీ, ఒకటి అమ్మగా రెండింటి అసలులో నాలుగు దిర్హములు తప్ప అంతా వచ్చేసిందనీ, కనుక మిగిలిన దాని అసలు తనకు నాలుగు దిర్హములేననీ ఆయన లెక్క చెప్పారు. ఏ బట్ట ఎంతకు పడింది, ఎంత తిరిగి వచ్చింది అన్నది ఆయనకు కంఠతా ఉండేదన్నమాట. దయ చూపడానికి కూడా లెక్క తెలిసి ఉండాలి. లెక్క లేని దయ నాలుగు రోజులలో దుకాణం మూయిస్తుంది.

అప్పు ఇవ్వడం, అప్పు తీర్చడం

ఒకనాడు ఇమామ్ గారు దారిలో వెళుతుండగా ఎదురుగా వస్తున్న ఒక మనిషి ఆయనను చూసి పక్క సందులోకి తప్పుకోబోయాడు. ఇమామ్ గారు పిలిచి కారణమడిగారు. తాను పదివేల దిర్హములు బాకీ ఉన్నాననీ, గడువు దాటిపోయినా చెల్లించలేక ముఖం చూపించడానికి సిగ్గుపడ్డాననీ అతడు చెప్పాడు. ఇమామ్ గారు ఆ బాకీ మొత్తం మాఫీ చేశారు. అంతేకాదు, తనను చూసినప్పుడు అతడి మనసులో కలిగిన జంకుకు తననే క్షమించమని కోరారు.

ఇబ్రాహీం బిన్ ఉయైనా అనే మరొకరు నాలుగు వేల దిర్హములకు పైబడిన అప్పు తీర్చలేక ఖైదులో పడ్డారు. ఆయనవారు ఊరిలో తలా కొంచెం పోగు చేస్తూ ఇమామ్ గారి వద్దకు వచ్చారు. ఎవరి వద్ద తీసుకొన్నది వారికి తిరిగి ఇచ్చేయమని చెప్పి, అప్పు మొత్తం తామే చెల్లించారు.

మనమందరం ఇంత చేయలేము. కానీ ఇచ్చిపుచ్చుకొనే వ్యవహారంలో చేయగలిగినవి ఉన్నాయి. దివ్య ఖుర్‌ఆన్‌లో అన్నిటికంటె పొడవైన వాక్యం బఖరా సూరాలో ఉంది. అది అప్పు వ్యవహారాన్ని వ్రాసి పెట్టుకోవడం గురించినది. అన్నదమ్ముల మధ్య వ్రాత ఎందుకని మనం మొహమాటపడతాం. పదేండ్ల తర్వాత ఆ అన్నదమ్ముల పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. కిరాణా కొట్టులో ఉద్దెర ఎంత, చీటీ ఎన్ని నెలలు మిగిలింది, మేనమామ ఇచ్చిన చేబదులు ఎంత, ఇవన్నీ ఒక పుస్తకంలో ఉండాలి. ఆ పుస్తకం ఎక్కడున్నదో ఇంటి ఇల్లాలికి తెలిసి ఉండాలి. పెండ్లి ఆడంబరాల కోసం వారవడ్డీకి తెచ్చే అప్పు గురించి వేరుగా చెప్పనక్కరలేదు. విందు ఒక పూటతో ముగుస్తుంది, వడ్డీ యేండ్ల తరబడి తింటుంది.

నాలుగు వేల దిర్హములు

ఇమామ్ గారి ఆదాయం గొప్పదే. అయితే ఆయన ఖర్చుకు ఒక పద్ధతి ఉండేది. తన ఇంటివారి కోసం ఎంత ఖర్చు చేస్తే అంత దానం చేసేవారు. కొత్త బట్టలు కట్టుకొన్నప్పుడు అదే ధరలో విద్వాంసులకు కూడా బట్టలు ఇచ్చేవారు. బాగ్దాదుకు సరుకు పంపి, ఆ లాభాన్ని ఏడాది పొడుగునా విడిగా కూడబెట్టి, దానితో కూఫాలోని హదీసు పండితుల కుటుంబాలకు తిండిగింజలు, దుస్తులు, ఇతర అవసరాలు కొనిపెట్టేవారు. మిగిలిన నగదు కూడా వారి చేతికే ఇచ్చి, కృతజ్ఞత దైవానికే చెప్పుకోమనేవారు.

ఇన్ని చేసిన మనిషి చేతిలో ఏమీ ఉంచుకోలేదా? ఉంచుకొన్నారు. నలభై యేండ్లకు పైగా ఆయన పాటించిన నియమం ఒకటుంది. తన వద్ద నాలుగు వేల దిర్హములకు మించి చేరితే ఆ పైదంతా పంచివేసేవారు. నాలుగు వేల వరకు ఉంచుకోవడం కుటుంబ పోషణ కిందికే వస్తుందన్న హజ్రత్ అలీ (రజి) మాట అందుకు ఆధారం. పాలకుల గుమ్మం తొక్కవలసిన అవసరం వస్తుందేమోనన్న భయమే లేకపోతే ఆ నాలుగు వేలలో ఒక్క దిర్హము కూడా ఉంచుకొనేవాణ్ణి కాదని ఆయన చెప్పుకొన్నారు.

ఆ మొత్తం ఎంతో కొంచెం లెక్క వేద్దాం. దిర్హము వెండి నాణెం. జకాత్ విధి కావడానికి కనీస పరిమితి 200 దిర్హములు. మన దేశపు ఉలమాల లెక్కలో అది పాత తులాలలో 52న్నర తులాల వెండి, అంటే సుమారు 612 గ్రాములు. నాలుగు వేల దిర్హములు దానికి 20 రెట్లు, దాదాపు 12 కిలోల వెండి. అది కోట్ల ఆస్తి కాదు. చేతిలో చిల్లిగవ్వ లేని స్థితీ కాదు. ఒక కుటుంబం కష్టకాలంలో ఎవరి ముందూ చేయి చాచకుండా నిలబడగల నిల్వ.

ఈ నియమంలో రెండు గట్లు ఉన్నాయి. ఇంతకు తగ్గరాదన్నది ఒకటి, ఇంతకు మించరాదన్నది మరొకటి. మనలో కొందరికి మొదటి గట్టు లేదు, జీతం వచ్చిన పదో తేదీకే చేబదుళ్లు మొదలవుతాయి. ఇంకొందరికి రెండవ గట్టు లేదు, ఎంత వచ్చినా చాలదు. నిల్వ అనేది లోభం కోసం కాదు, పరువు కోసం. ఉద్యోగం ఊడిన నెలలో, గల్ఫ్ వీసా ఆలస్యమైన నెలలో, ఆసుపత్రి ఖర్చు వచ్చిపడిన నెలలో ఆ నిల్వే మన నోటిని, మన మెడను మన అధీనంలో ఉంచుతుంది. కూలి పని చేసేవారు పెద్ద మొత్తం ఒక్కసారిగా కూడబెట్టలేరు. అయినా వారానికి ఇంత అని తీసిపెట్టే అలవాటుకు చిన్న మొత్తమూ చాలును.

శిష్యుల మీద పెట్టిన పెట్టుబడి

ఇమామ్ గారి పాఠంలో యాఖూబ్ అనే బీద కుర్రవాడు కూర్చొనేవాడు. ఇంట్లో గడవని స్థితి. చదువు మాని సంపాదించమని ఇంటివారు అతణ్ణి పాఠం నుంచి తీసుకుపోయేవారు. అతడు రాకపోవడం గమనించిన ఇమామ్ గారు సంగతి తెలుసుకొని, వంద దిర్హముల సంచి చేతిలో పెట్టి, అయిపోయినప్పుడు చెప్పమన్నారు. ఆ కుర్రవాడు చెప్పవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. అయిపోయే వేళకు మరో సంచి అందేది. ఆ బాలుడే తర్వాతి కాలంలో ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ). ఖలీఫా హారూన్ రషీద్ కాలంలో ప్రధాన న్యాయాధిపతి పదవి అలంకరించారు. రాజ్యపు పన్నుల మీద కితాబుల్ ఖరాజ్ అనే ప్రసిద్ధ గ్రంథం వ్రాశారు.

ఇమామ్ గారు తన కుమారుడు హమ్మాద్ సూరె ఫాతిహా నేర్చుకొన్న రోజున ఉస్తాద్‌కు ఐదు వందల దిర్హములు పంపారని వ్రాశారు. ఏడు వాక్యాలు నేర్పినందుకు ఇంత సొమ్మా అని ఆ ఉస్తాద్ ఆశ్చర్యపోతే, తమ వద్ద ఇంకా ఉంటే ఇంకా ఇచ్చేవారమని ఇమామ్ గారు అన్నారట. పిల్లల పెండ్లికి షామియానా, విందు, బాణసంచా అని లెక్క చూడని మనం వారి చదువు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు బేరమాడుతామో ఆలోచించాలి.

అబూ యూసుఫ్ గారికి ఇమామ్ గారు చేసిన ఉపదేశంగా ప్రసిద్ధికెక్కిన ఒక పత్రంలో జీవితానికి ఒక వరుస కనిపిస్తుంది. మొదట విద్య, తర్వాత ధర్మసమ్మతమైన సంపాదన, ఆ తర్వాత భార్య అవసరాలు తీర్చగల శక్తి వచ్చాక వివాహం. వరుస తప్పితే ఒకటి మరొకదానిని చెడగొడుతుందని దాని సారాంశం. కోర్సు మధ్యలో వదలిన అబ్బాయికి బాధ్యత వస్తుందని పెండ్లి చేసే తల్లిదండ్రులు ఈ వరుసను గుర్తుంచుకోవాలి.

బజారు తెలిసిన ఫిఖ్‌హ్

బజారులో కూర్చొన్న మనిషి గనుక వ్యాపార ధర్మాల మీద ఇమామ్ గారి మాటకు ప్రత్యేకమైన విలువ వచ్చింది. సరుకు నచ్చకపోతే వాపసు ఇస్తానని షరతు పెట్టుకొంటే ఆ గడువు మూడు రోజులకు మించరాదని ఆయన అభిప్రాయం. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ (రహ్మ) అంతకంటె ఎక్కువ గడువును అంగీకరించారు.

దుబారా చేసే యువకుని ఆస్తి విషయంలో ఆయన అభిప్రాయం మరింత ఆలోచింపజేస్తుంది. తెలివిలేకుండా ఖర్చు పెడుతున్నాడని అతని ఆస్తిని చేతికివ్వకుండా ఆపవచ్చును గానీ, ఇరవై ఐదేండ్లు నిండాక ఆపరాదని ఆయన అన్నారు. ఆ వయస్సుకు మనిషి తాత కూడా కావచ్చును, ఇంకా ఎవరు ఎంతకాలం కాపలా కాస్తారు? శిష్యులిద్దరూ దీనితో ఏకీభవించలేదు, వివేకం వచ్చేదాకా ఆపాలన్నారు. హనఫీ ముఫ్తీలు సాధారణంగా శిష్యుల మాట ప్రకారమే ఫత్వా ఇస్తారు. ఏ పక్షం వైపు చూసినా ఒక సంగతి స్పష్టం. డబ్బు చేతికిచ్చే ముందు దానిని వాడే నేర్పు ఇవ్వాలి. ముప్పై యేండ్ల కొడుకుకు ఇంటి ఖర్చు ఎంతో తెలియదంటే ఆ తప్పు అతనిది మాత్రమే కాదు.

పదవి వద్దన్న మనిషి

ఇప్పుడు ఆ నాలుగు వేల దిర్హములు ఎందుకు పనికివచ్చాయో చూద్దాం. ఉమయ్యద్ వంశపు చివరి రోజులలో ఇరాక్ గవర్నరుగా ఉన్న ఇబ్నె హుబైరా, తిరుగుబాట్లు చెలరేగుతున్న వేళ, పేరున్న విద్వాంసులను తన పదవులలోకి తీసుకొని ప్రజల నోరు మూయించాలని చూశాడు. ఇమామ్ గారికి కూడా పదవి చూపాడు. ఆయన నిరాకరించారు. నిరాకరించినందుకు రోజుకు పదేసి చొప్పున కొరడా దెబ్బలు కొట్టించాడు. అయినా అంగీకరించలేదు. విడుదలైన తర్వాత, హిజ్రీ 130 (క్రీ.శ. 748) ప్రాంతంలో, మక్కా చేరి కొన్ని యేండ్లు అక్కడే గడిపారు.

రాజ్యం మారింది. అబ్బాసీ ఖలీఫా మన్సూర్ హిజ్రీ 145 (క్రీ.శ. 762)లో బాగ్దాదు నగర నిర్మాణం ప్రారంభించాడు. ఇమామ్ గారిని పిలిపించి న్యాయాధిపతి పదవి ఇవ్వజూపాడు. తాను ఆ పదవికి తగనని ఆయన అన్నారు. అబద్ధమాడుతున్నావని ఖలీఫా గద్దించాడు. అబద్ధాలాడేవాడు న్యాయాధిపతిగా పనికిరాడు గనుక తన మాటే రుజువయ్యిందని ఇమామ్ గారు బదులు చెప్పారు. ఖలీఫా ఆయనను చెరసాలలో పెట్టించాడు.

ప్రభుత్వ ఉద్యోగం తప్పని దీనికి అర్థం చెప్పుకోరాదు. ఆయన ప్రియశిష్యుడే తర్వాత అదే పదవిని స్వీకరించి న్యాయం నిలబెట్టారు. విషయం పదవిది కాదు. తనకు చూపిన పదవి వెనుక తన నోటికి తాళం ఉన్నదని ఇమామ్ గారు గ్రహించారు. వద్దని చెప్పగలిగారు. ఇంట్లో రేపటికి గింజలు లేని మనిషికి ఆ మాట అనడం ఎంత కష్టమో మనకు తెలుసు. సంతకం పెట్టమన్నచోట పెట్టవలసి రావడం, తప్పుడు లెక్కకు తల ఊపవలసి రావడం, యజమాని అన్యాయాన్ని చూసి ఊరుకోవలసి రావడం, వీటిలో చాలావాటి వెనుక ఖాళీ డబ్బా ఒకటి ఉంటుంది.

హిజ్రీ 150 (క్రీ.శ. 767)లో, డెబ్బై యేండ్ల వయస్సులో, ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) బాగ్దాదులో పరమపదించారు. చెరసాలలోనే కన్నుమూశారని ఎక్కువమంది చరిత్రకారుల మాట. జనం తాకిడికి జనాజా నమాజు ఆరుసార్లు చేయవలసి వచ్చింది. ఖైజురాన్ ఖబరస్తాన్‌లో ఆయనను ఖననం చేశారు. ఆయన బిరుదైన ఇమామె ఆజమ్ మీదుగా ఆ పేట ఇప్పటికీ ఆజమియా అనిపించుకొంటున్నది.

ఖననం తర్వాత కుమారుడు హమ్మాద్‌కు ఒక పని మిగిలి ఉంది. లోగడ ఖలీఫా మన్సూర్, ఇమామ్ గారికి పదివేల దిర్హములు కానుకగా పంపమని ఆజ్ఞాపించాడు. సేనాని హసన్ బిన్ ఖహ్‌తబా మనిషి ఆ సొమ్ము తెచ్చిన రోజున ఇమామ్ గారు నోరు విప్పలేదు, చేయి చాచలేదు. సంచిని ఇంట్లో ఒక మూల పెట్టి వెళ్లారు. దానిని ఆయన విప్పలేదు. తాను మరణించి, ఖననమైన తర్వాత ఆ సంచిని తీసుకుపోయి, ఇది మీరు మా తండ్రి వద్ద ఉంచిన అమానతు అని చెప్పి ఇచ్చి రమ్మని కుమారునికి వసీయత్ చేశారు. బాకీదారుకు పదివేలు వదలుకొన్న మనిషి, పాలకుని పదివేలు ముట్టుకోలేదు. హమ్మాద్ ఆ సంచిని మోసుకెళ్లి అప్పగించారు. మీ తండ్రిని దైవం కరుణించుగాక, ఆయన తన ధర్మం విషయంలో గట్టివారని హసన్ అన్నాడు.

మన ఇంట్లో కూడా ఎవరిదో ఒక అమానతు, ఎవరికో ఇవ్వవలసిన బాకీ, ఎవరి నుంచో రావలసిన పైకం ఉండే ఉంటాయి. ఈ జుమా రోజున నమాజు నుంచి తిరిగి వచ్చాక ఇంటివారందరూ కూర్చొని వాటిని ఒక కాగితం మీద వ్రాయండి. కష్టకాలానికి ఈ నెల ఎంత తీసిపెట్టగలమో కింద ఒక అంకె వేయండి. పిల్లలను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. మన సంపాదనలో శుభాన్ని, మన చేతులకు నిజాయితీని అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.